ఫైర్‌వాల్, ప్రిన్సిపాల్ గారి కుర్చీ

ఎక్కడో కూర్చుని ఇంకెవరి కంప్యూటరో బాగుచేసే ఉద్యోగాల్లో ఉన్న చిన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. "మీ తెర మీద కనిపిస్తున్న నంబరు చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను" అని మీరు రోజుకి పాతికసార్లు అంటూ ఉంటారు. అవతలివాళ్ళు చెప్తారు, మీరు పని ముగించి టీ తాగడానికి వెళ్తారు. అలా నంబరు చెప్పినందుకు ఒక మనిషి ఉద్యోగం పోయిందంటే మీరు నమ్మరు. కానీ పోయింది. ఆ నంబరు అడిగినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. కాబట్టి రిటైరైన పెద్దమనిషి కదా, నెమ్మదిగా చెప్తాడులే అనుకోవద్దు.

నేను కంప్యూటర్లు చదువుకుని వచ్చినవాణ్ణి కాను. తొంభైల మొదట్లో అమలాపురంలో టైపు ఇన్‌స్టిట్యూటు నడిపేవాణ్ణి. ఎనిమిది మిషన్లు, ఒక ఫ్యాను, గోడకి వేలాడే గడియారం, అంతే ఆస్తి. అక్షరాలు కనబడకుండా మిషను మీద అట్టముక్క కట్టేసేవాణ్ణి. నేను చదువుతూ పోతాను, పిల్లలు కొట్టుకుంటూ పోవాలి. అర్థం అడక్కూడదు, తప్పనిపించినా ఆగకూడదు. "మీ బుర్ర ఇంటి దగ్గర పెట్టి వేళ్ళు తీసుకురండి" అనేవాణ్ణి. అదేదో గొప్ప మాటలా అందరూ నవ్వేవారు. ఆ పద్ధతిలో చాలామంది టైపులో లోయరూ హయ్యరూ పరీక్షలు ప్యాసయ్యారు కూడా.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, నా మిషన్లు పాత ఇనుములో కలిశాయి. నాకు వచ్చిందీ రానిదీ కలిపి నేర్చుకుని, కాలేజీలు నడిపే ఒక ప్రైవేటు సంస్థలో సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా చేరాను. హెడ్డాఫీసు హైదరాబాదులో. కోనసీమలో మూడు కాలేజీలు. ఒకటి అమలాపురంలో, ఒకటి ముక్తేశ్వరం వైపు, మూడోది ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు. మూడింటిలో ఎక్కడ కంప్యూటరు మొరాయించినా నాకే ఫోను.

మూడో కాలేజీలో ఆపరేటరుగా ఉన్న అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర టైపు నేర్చుకుంది. పదో తరగతి సెలవుల్లో రోజూ బస్సెక్కి వచ్చేది. వాళ్ళింట్లో బల్ల ముందు చేసే ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషి ఆమే. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. అడ్మిషన్లు, హాజరు, మార్కులు, లెక్చరర్ల సెలవులు, అన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. నన్ను చివరిదాకా మాస్టారూ అనే పిలిచింది.

రెండు వేల దశకం మధ్యలో బ్రాడ్‌బ్యాండు రాగానే, ఒకచోట కూర్చుని మరోచోట తెర చూసే ప్రోగ్రాం ఒకటి నాకు దొరికింది. ఎవరో చెప్తే డౌన్‌లోడ్ చేశాను. ఆ కొన్ని నెలలూ నేను రాజాలా బతికాను. ఆ అమ్మాయి ఫోను చేసి నంబరు చెప్తే, అమలాపురంలో నా బల్ల దగ్గర నుంచే ఆమె తెర చూసి, ఆమె మౌసు కదిపి, ఐదు నిమిషాల్లో పని తేల్చేసేవాణ్ణి. పూర్వం ఆ పనికి బస్సులో వెళ్ళి రావడానికి పూట పోయేది.

అంతలో హెడ్డాఫీసులో ఎవరో పెళ్ళిశుభలేఖ అనుకుని వైరస్సు తెరిచారు. తెరిచింది హెడ్డాఫీసువాళ్ళు, శిక్ష బ్రాంచీలకి. ప్రతి కాలేజీలోనూ ఫైర్‌వాల్ అని ఒక పెట్టె పెట్టారు. లోపలి కంప్యూటర్లు ఏ దారిన బయటికి వెళ్ళవచ్చో, బయటివాళ్ళు లోపలికి రావచ్చో లేదో అది చూస్తుంది. మంచిదే, ఉండాల్సిందే. కానీ నా ప్రోగ్రాం వెళ్ళే దారి కూడా మూసేశారు. ఒక్క కంప్యూటరుకి, ఒక్క దారి తెరవండి మహాప్రభో అని మూడు ఉత్తరాలు రాశాను. మూడో దానికి జవాబొచ్చింది. బయటివ్యక్తులకు లోపలి యంత్రాలపై అధికారం ఇవ్వడం కుదరదట. పదేళ్ళుగా వాళ్ళ జీతం తీసుకుంటూ, వాళ్ళ కాలేజీల్లో బల్లల కింద దూరి వైర్లు సరిచేసిన నేను బయటివాణ్ణి.

ఇక అసలు రోజుకి వస్తాను. సమాచార భద్రత మీద శిక్షణ అని నన్ను హైదరాబాదు పిలిపించారు. పొద్దున్న క్లాసు చెప్పింది ఫైర్‌వాల్ పెట్టించిన నెట్‌వర్క్ అధికారే. వయసులో నాకు కొడుకులాంటివాడు, మెడలో టై. గోడ మీద ఒక పట్టిక చూపించాడు. అందులో 'మినహాయింపులు' అని ఒక వరస ఉంది. ప్రిన్సిపాళ్ళ గదుల్లోని కంప్యూటర్లకు ఏ ఆంక్షలూ లేవు. కారణం అడిగితే, "వారి స్థాయి వేరు కదండీ" అన్నాడు. మా మూడో కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఆ కంప్యూటరు మీద పేకాట తప్ప ఏమీ ఆడరని నాకు తెలుసు. అయినా నోరు మూసుకుని రాసుకున్నాను.

పదకొండింటికి టీ ఇస్తుండగా మూడో కాలేజీ నుంచి నా సెల్లుకి ఫోనొచ్చింది. ఆ రోజు సాయంత్రం ఐదింటిలోగా చివరి సంవత్సరం పిల్లల ప్రాక్టికల్స్ మార్కులు యూనివర్సిటీకి కంప్యూటరు ద్వారా పంపాలి. ఐదు దాటితే అంగీకరించదు, ఆ పిల్లల ఫలితాలు ఆపేస్తారు. మార్కులన్నీ హెడ్డాఫీసువాళ్ళిచ్చిన మార్కుల ప్రోగ్రాంలో ఆ అమ్మాయి ముందురోజే ఎక్కించేసింది. పంపబోతే తెర మీద ఏదో ప్రశ్న వచ్చి ఆగిపోయింది. కాలేజీ ఫోను ఆఫీసుగదిలో, ఆమె కంప్యూటరు పక్కగదిలో. ఆమె కంప్యూటరు దగ్గర, అటెండరు గారు ఫోను దగ్గర. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఆమె బాబాయి గారూ అని పిలిచేది. నా మాట ఆయన ఆమెకి, ఆమె మాట నాకు మోస్తున్నారు.

"ఏ పట్టిక ఉంచాలని అడుగుతోందంటండీ. ఇక్కడిదా, హెడ్డాఫీసుదా అని రెండు బటన్లున్నాయంటండి."

ఆ ప్రశ్న నాకు కంఠతా వచ్చు. అమలాపురంలో ఎన్నోసార్లు చూశాను. మొదటి బటన్ మన కంప్యూటర్లోది ఉంచుతుంది. "మొదటిది నొక్కమనండి" అన్నాను.

ఆయన వెళ్ళి వచ్చేరు. "వరస వేరేగా ఉందంటందండీ అమ్మాయి. ఓసారి చదివి వినిపిస్తానంటందండీ."

అవతల క్లాసు మళ్ళీ మొదలవుతోంది. టై కట్టిన అధికారి గుమ్మం దగ్గర నుంచుని నా వంకే చూస్తున్నాడు. నాకు చిరాకొచ్చింది. "చదవడాలు వద్దు, చెప్పింది నొక్కమనండి" అన్నాను.

ఆమె నొక్కింది. హెడ్డాఫీసువాళ్ళు ఆ ఒక్క కాలేజీకి కొత్త రకం మార్కుల ప్రోగ్రాం పంపించి, నాతో మాటమాత్రం చెప్పలేదు. అందులో బటన్లు తారుమారు. హెడ్డాఫీసు దగ్గర ఉన్నది ఖాళీ పట్టిక. ఆ ఖాళీ పట్టిక వచ్చి, యాభైమందికి పైగా పిల్లల మార్కుల మీద కూర్చుంది.

ఈసారి ఆమే ఫోను దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, అన్నీ పోయేయండీ" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం తేలికయ్యేదేమో.

ఆ మార్కుల ప్రోగ్రాం రోజూ సాయంత్రం ఒక నకలు తీసి లోపలెక్కడో దాస్తుందని నాకు తెలుసు. దాన్ని వెతికి తేవడం నేను చూస్తూ చేస్తే పావుగంట పని. అటెండరు గారి ద్వారా కబుర్లు పంపించి చేయించే పని కాదు, అప్పటికే నా తెలివి ఒకసారి చూశాం. మూడో అంతస్తులోకి వెళ్ళి ఆ అధికారి ముందు నుంచున్నాను.

"గంటసేపు ఆ ఒక్క కంప్యూటరుకి దారి తెరవండి" అన్నాను.

"ఫారం నింపండి. కమిటీ బుధవారం కూర్చుంటుంది."

"మార్కులు ఇవాళ ఐదింటికి వెళ్ళాలండీ."

"అది పరీక్షల విభాగం సమస్య."

"పోనీ మీరే చేసి పెట్టండి."

"బ్రాంచీల డేటాలో మేం వేలు పెట్టం" అని, క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. ఖాళీ పట్టిక పంపినప్పుడు పెట్టిన వేలు ఎవరిదో అడగాలనిపించింది. అడగలేదు. ఆ రోజు నేను అడగనివి రాస్తే ఇంకో పుస్తకమవుతుంది.

అప్పుడే పొద్దుటి మినహాయింపుల పట్టిక గుర్తొచ్చింది. ప్రిన్సిపాల్ గారి కంప్యూటరు నుంచైతే నాకు దారి ఉంది. అందులోంచి కాలేజీ లోపలి వైరు మీదుగా ఆ అమ్మాయి కంప్యూటర్లోకి వెళ్ళవచ్చు. ప్రిన్సిపాల్ గారి సెల్లుకి నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. ఇంటికి చేస్తే కాకినాడలో పెళ్ళికి వెళ్ళేరని చెప్పేరు. హెడ్డాఫీసు ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో ఒక కుర్చీ తీసుకుని కాలేజీకి ఫోను చేశాను.

"ఆ గదిలోకి నేనాండీ?" అంది ఆ అమ్మాయి.

"నువ్వేనమ్మా. తాళం బాబాయి గారి దగ్గర ఉంటుంది కదా."

"ఉందండీ. కానీ ఆయన లేనప్పుడు వెళ్తే రేపు మాటొస్తుందండీ మాస్టారూ."

"వస్తే నేను పడతాను. పూచీ నాది."

తాళం తెమ్మని బాబాయి గారికి చెప్పడం ఫోనులో వినబడింది. "ఆయ్" అంది.

ఆ గదిలో బల్లమీదే ఫోను ఉంది, అదొక అదృష్టం. ఆమె తెర చూపించే నా ప్రోగ్రాం దించుకుని నంబరు చదివింది. ప్రిన్సిపాల్ గారి తెర నా ముందుకొచ్చింది, సగం ఆడి వదిలేసిన పేకాటతో సహా. నేను వాడేది ఉచితంగా ఇచ్చే రకం. పది నిమిషాలకోసారి తెగిపోయేది. తెగినప్పుడల్లా ఆమె మళ్ళీ తెరిచి కొత్త నంబరు చదవాలి, 'అనుమతించు' అన్నచోట నొక్కాలి. ఒక్కసారి కూడా తడబడలేదు. ఈసారి తెర మీద ఏ ప్రశ్న వచ్చినా ముందు ఆమెచేత చదివించుకుని, తర్వాతే నొక్కమన్నాను. నకలు దొరికింది. మార్కులు వరసగా వచ్చి తమ స్థానాల్లో కూర్చున్నాయి. నాలుగూ ముప్పై అయిదుకి యూనివర్సిటీ నుంచి రసీదు వచ్చింది. "వచ్చిందండీ మాస్టారూ" అంది, అదేదో రోజూ చేసే పనిలా. నేను మాత్రం రోడ్డు మీదికొచ్చి రెండు ప్లేట్లు మిరపకాయ బజ్జీలు తిన్నాను.

నాలుగో రోజున ఆమెకి మెమో ఇచ్చారు.

పట్టించింది ఫైర్‌వాలే. ప్రిన్సిపాల్ గారి కంప్యూటరుకి అన్నీ తెరిచే ఉంచుతుంది గానీ, ఎవరెవరు వచ్చిపోయారో చిట్టా రాసుకుంటుందట. ఆ చిట్టా చూసి నెట్‌వర్క్ అధికారి గుండెలు బాదుకున్నాడు. మెమోలో మూడు నేరాలు. నిర్లక్ష్యంతో మార్కులు చెరిపివేయుట. బయటివ్యక్తికి సంస్థ కంప్యూటరు అప్పగించుట. అనుమతి లేకుండా ప్రిన్సిపాల్ గారి కుర్చీలో కూర్చుని వారి కంప్యూటరు వాడుట. మార్కులు సకాలంలో చేరాయన్న ముక్క ఎక్కడా లేదు. వాటిని చేర్చింది ఎవరన్నది అంతకన్నా లేదు.

వారం తర్వాత ఆ గదిలోనే విచారణ జరిగింది. ప్రిన్సిపాల్ గారు తన కుర్చీలో, ఎదురుగా నెట్‌వర్క్ అధికారి, పక్కన యాజమాన్యం తరఫున ఒక పెద్దాయన. నాకూ ఒక కుర్చీ వేశారు. ఆ అమ్మాయి గుమ్మం పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

నా వంతు రాగానే చెప్పేశాను. బటన్ నా మాట మీద నొక్కింది, వరస వేరేగా ఉందని ఆమె చెప్తే నేనే వినలేదు, గదిలోకి నేనే పంపించాను, శిక్ష ఉంటే నాకు వెయ్యండి అన్నాను. పెద్దాయన తలాడించి, "మీ పెద్దమనసు మెచ్చుకోదగ్గదేనండీ" అన్నారు. నా మాటను సాక్ష్యంగా తీసుకోలేదు, మంచితనంగా తీసుకున్నారు. కాగితం మీద ఎక్కకుండా చెయ్యడానికి అంతకన్నా మర్యాదైన మార్గం లేదు.

ప్రిన్సిపాల్ గారు ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. "నాకెవరి మీదా కోపం లేదండీ. వాళ్ళమ్మ మా చేలో నాట్లేసేదండీ. ఆ కుటుంబమంటే మాకు అభిమానమేనండీ. అయితే దేనికైనా ఒక పద్ధతుంటుంది కదండీ" అన్నారు. ఆ మాటల్లో ఎన్ని అండీలు ఉన్నాయో చూడండి. అన్నేసి అండీల మధ్య ఒక మనిషిని ఎక్కడ నిలబెట్టాలో అక్కడ నిలబెట్టేశారు.

అటెండరు గారిని పిలిచి, ఆ రోజు ఏం చూశావని అడిగారు.

"కూచోలేదండీ" అన్నారాయన. "కుర్చీ నేనే వెనక్కి లాగేనండి. కూచోమ్మా అన్నానండి. వద్దు బాబాయి గారూ అందండి. గంటన్నర సేపూ వంగి, నిలబడే చేసిందండి."

అది నాకూ కొత్త సంగతే. ఆ గంటన్నరా ఆమె తెర నా కళ్ళముందే ఉంది, మౌసు ప్రతి కదలికా చూశాను. ఆమె నిలబడి ఉందని నాకు తెలియదు. నా రక్తం మరిగిపోయింది. కుర్చీలోంచి లేచి, "విన్నారా అండీ? ఆ పిల్ల కుర్చీని ముట్టుకోనైనా లేదు. అంత మర్యాద తెలిసిన పిల్ల మీద ఇంత అభాండం వేస్తారా?" అని అరిచాను. ఆ అమ్మాయి నా వంక చూసింది. కృతజ్ఞత అనుకున్నాను.

మూడో నేరం దయతో కొట్టేశారు. మిగిలిన రెండిటికీ ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. నేను పర్మినెంటు ఉద్యోగిని కాబట్టి నాకొక హెచ్చరిక కాగితం ఇచ్చారు. దాన్ని ఫైలులో పెట్టుకుని ఉద్యోగం చేసుకున్నాను, పెన్షను దాకా. రాజీనామా చేస్తానని ఇంట్లో ఒక పూట కేకలేసిన మాట నిజం. చెయ్యలేదన్నదీ నిజం. తర్వాతి నెలలో హెడ్డాఫీసు నుంచి అన్ని కాలేజీలకూ సర్క్యులర్ వచ్చింది. అత్యవసరమైతే ప్రిన్సిపాల్ గారి అనుమతితో వారి గదిలోని కంప్యూటరు ద్వారా దూరం నుంచి సహాయం తీసుకోవచ్చునట. కింద నెట్‌వర్క్ అధికారి సంతకం. ఆ పద్ధతి కనిపెట్టినందుకు ఆయనకి మెచ్చుకోలు దక్కిందని కూడా విన్నాను. పూచీ నాది అన్నవాడిగా నేను ఆ సర్క్యులర్‌ను మూడు కాలేజీల నోటీసు బోర్డులకీ అంటించాను, అది నా ఉద్యోగంలో భాగం మరి.

రెండు నెలలకి ఆ అమ్మాయి ఫోను చేసింది. అమలాపురంలో ఒక బడిలో కంప్యూటరు టీచరు ఉద్యోగం ఉందట. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడుగుతున్నారట. కాలేజీవాళ్ళు ఇచ్చిన కాగితంలో 'క్రమశిక్షణ కారణాల వల్ల' అని ఉంది. ఆ మూడు మాటలూ చూపిస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, జరిగింది మీరు రాసివ్వగలరా అని అడిగింది. ఆ ఉద్యోగం ఆమెకి దొరికింది, మీరు కంగారుపడకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఉత్తరం నా చేత్తోనే రాశాను, మూడుసార్లు చింపి. తప్పు బటన్ నా మాట మీదే నొక్కిందని, ఆమె ముందే హెచ్చరించిందని, గదిలోకి నేనే పంపానని, ఆమె నేర్పు వల్లే మార్కులు చేరాయని రాశాను. చివర ఒక వాక్యం చేర్చాను. దాన్ని చదువుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను. ఉత్తరం జేబులో పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కాను.

వాళ్ళిల్లు చర్చి వెనక వీధిలో. వాళ్ళమ్మగారు అరుగు మీద మునగాకు దూస్తున్నారు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఆ అమ్మాయి ఉత్తరం తీసుకుని, గుమ్మంలో కూర్చుని, నెమ్మదిగా చదివింది. చివరికొచ్చి మళ్ళీ చదివింది.

"మాస్టారూ, ఈ ఆఖరి ముక్క తీసెయ్యండీ" అంది.

నేను ముచ్చటపడ్డ వాక్యం అదే. 'ఈమె ఎంతటి వినయశీలి అంటే, గంటన్నర సేపు నిలబడే పనిచేసింది గాని ప్రిన్సిపాల్ గారి కుర్చీలో కూర్చోలేదు.'

"అదేమిటమ్మా, నీ మీద వేసిన నింద పోగొట్టేది అదే కదా" అన్నాను.

"ఆ రోజు కాళ్ళు పీకేసేయండీ. కూచోవాలనే ఉందండీ నాకు. భయపడి కూచోలేదు గానీ, మర్యాదకి కాదండీ. ఆ వేళ విచారణలో మీరు అదే గొప్పగా చెప్పేరు."

వాళ్ళమ్మగారి చేతులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి ఉత్తరం మడత పెట్టకుండా నా చేతికిచ్చింది.

"కూచుంటే మాత్రం తప్పేటండీ?"

ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, ఆ వాక్యం లేకుండా ఉత్తరం మొదటి నుంచీ రాశాను.